అతిథి విమానానికి గజమాల

దోసెల పెనం మీద అప్పడం కాల్చినందుకు వావిలపల్లి సన్యాసిరావు మీద ఆ ఉదయం ఇంట్లో జరిగినంత విచారణ, ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆఫీసులో ఎన్నడూ జరగలేదు.

“ఇది దోసెల పెనం,” అంది ఆయన భార్య కనకరత్నం, దాన్ని కిటికీ వెలుతురులోకి ఎత్తి పట్టుకుని. “అప్పడానికి చపాతీల పెనం ఉంది. అదీ కాకపోతే పొయ్యి మంట ఉంది. ఇప్పుడు దీని మీద పిండి పోస్తే దోసె లేస్తుందా?”

“ఒక్క అప్పడమే కదే.”

“మీ ఆఫీసులో ఒక సెక్షను ఫైలు ఇంకో సెక్షను వాళ్ళు ముట్టుకుంటారా?”

“ముట్టుకోరు.”

“మరి?”

సన్యాసిరావు తల వంచుకున్నాడు. అలా నిలబడడం ఆయనకు బాగా అలవాటు. ఆ అలవాటుతోనే జూనియర్ అసిస్టెంటు నుంచి సూపరింటెండెంటు దాకా వచ్చాడు. అయిదు నెలల్లో రిటైరయ్యేలోగా డిప్యూటీ డైరెక్టరు కూడా అయ్యేట్టున్నాడు. ఆ ఫైలు డైరెక్టరుగారి బల్ల మీదే ఉంది.

“పెనం గొడవ తరవాత తీరుసుకుందురు గానీ,” అంది వరండాలో కూర్చుని చింతచిగురు దులుపుతున్న ఆయన తల్లి పైడమ్మ. “నా ఇమానం ఎందాకా వొచ్చిందిరా సన్నాసీ?”

“వస్తోందమ్మా. కమిటీలో ఉంది.”

“కమిటీ అంటే ఏ ఊరు?”

తొంభై ఏళ్ళ పైడమ్మ అడిగిన విమానం మామూలు విమానం కాదు. సన్యాసిరావు పనిచేసే చోటు ఒకప్పుడు మ్యూజియం. వాన పడినప్పుడు తప్ప అందులోకి జనం వచ్చేవారు కాదు. కొత్త డైరెక్టరుగారు ఏదో శిక్షణకు వెళ్ళి వచ్చి, చరిత్రను చూడకూడదు, చదవకూడదు, అనుభవించాలి అని ప్రకటించారు. దాంతో మ్యూజియం పేరు ‘తీర నగర చరిత్రానుభూతి కేంద్రం’ అయింది. ఉప్పు కొఠార్ల గదిలో సందర్శకుల నాలుక మీద ఉప్పు వేయడం మొదలుపెట్టారు. కరువు గదిలో కుళాయి కట్టేశారు. ఇక మిగిలింది యుద్ధం. 1942లో జపాను విమానాలు ఈ రేవు మీద బాంబులు వేశాయి కాబట్టి, ఆ యుద్ధాన్ని పిల్లలు అనుభవించడానికి ఒక విమాన యుద్ధపు ఆట తయారు చేయించాలని నిర్ణయమైంది. ఒక కుర్చీ, ఎదురుగా గోడంత తెర, చేతిలో కర్ర, కర్ర మీద ఎర్ర మీట. మీట నొక్కితే ఎదుటి విమానం మీద తుపాకీ గుళ్ళ వాన కురుస్తుంది.

ఆట తయారు చేసే బాధ్యత యామిని అనే అమ్మాయికి వచ్చింది. ఆమెకు పని మీద ఉన్న శ్రద్ధ ప్రభుత్వ పనులకు అవసరమైన దానికంటే చాలా ఎక్కువ. జపాను విమానాల పాత ఫొటోలు ఎనిమిది నెలలు ముందేసుకుని కూర్చుంది. రెక్క మీద రేకు ఎక్కడ అతుకు పడిందో, చక్రం లోపలికి ముడుచుకునేటప్పుడు ఏది ముందు ముడుచుకుంటుందో కూడా ఆమెకు తెలుసు. ఆ రోజు వచ్చిన విమానాన్ని కళ్ళారా చూసినవాళ్ళు బతికే ఉన్నారని తెలియగానే, లాప్‌టాపు పట్టుకుని సన్యాసిరావు ఇంటికి వచ్చేసింది.

“మామ్మా, ఇదేనా?”

పైడమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసింది. “కాదే పాపా. ఇది బుల్లిది. ఇందులో ఒకడే ఉన్నాడు. నాను సూసినదాన్లో ముగ్గురు, ఒకడి ఎనకాల ఒకడు, బస్సులో కూకున్నట్టు.”

యామిని ముఖం వెలిగిపోయింది. మొదట చూపించింది జీరో అనే యుద్ధ విమానం. రెండోది చూపించింది. పొడుగాటి అద్దాల కప్పు, కింద ముగ్గురు మనుషులు, రెక్కల మీద ఎర్రటి గుండ్రాలు.

పైడమ్మ చెవి దగ్గరగా పెట్టి వింది. తరవాత, “సప్పుడు తప్పు,” అంది. “ఇలగ గుయ్యిమనదు. పిండిమర్లో జొన్నలు పోసినట్టుంటాది.”

ఆ రోజు పైడమ్మకు ఏడేళ్ళు. తండ్రి అప్పన్న రేవులో బొగ్గు మోసే కళాసీ. చద్దన్నం తిని, కూతురి నెత్తి మీద ఓ మొట్టికాయ వేసి పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం విమానం ఇసుక మీదుగా ఎంత కిందికి వచ్చిందంటే, వెనక కూర్చున్నవాడి కళ్ళద్దాలు కూడా కనబడ్డాయిట.

“రాయి ఇసిరినాను,” అంది పైడమ్మ. “అందనేదు. అదెల్లి రేవు మీద ఏసింది. మా అయ్య మరి రానేదు. ఈ ఆటలో నానూ ఓపాలి ఎయ్యొచ్చా పాపా?”

“మొదట మీరే వెయ్యాలి మామ్మా,” అంది యామిని. సన్యాసిరావు తల ఊపాడు. అది మాటిచ్చినట్టే అయింది.

మొదటి కమిటీ సమావేశం వరకూ అంతా సవ్యంగానే సాగింది.

“ఒక ముఖ్య పరిణామం,” అన్నారు డైరెక్టరుగారు, గొంతు సవరించుకుని. “జపాను నుంచి పారిశ్రామిక ప్రతినిధి బృందం మన నగరానికి విచ్చేస్తున్నది. మన కేంద్రం ప్రారంభోత్సవానికి వారే ముఖ్య అతిథులు. ఈ నేపథ్యంలో ఆటను మైత్రీ దృక్కోణంలో పునఃపరిశీలించవలసి ఉన్నది. తెర మీద ఈ ‘శత్రు విమానం’ అనే మాట ఎవరు రాశారు?”

“నేనే సార్,” అంది యామిని. “బాంబులు వేస్తుంది కదా అని.”

“అది దాని పని. మన మాట మర్యాదగా ఉండాలి. ‘అతిథి విమానం’ అని మార్చండి.”

సన్యాసిరావు మినిట్సు పుస్తకంలో రాసుకున్నాడు: శత్రువు తొలగించడమైనది.

న్యాయ సలహాదారు చెయ్యెత్తాడు. “రెక్కల మీద ఎర్ర గుండ్రం మిత్రదేశపు చిహ్నం. దాని మీద మన పిల్లలు కాల్పులు జరపడం సమంజసం కాదు.”

“గుండ్రాలు తీసేస్తే అది జపాను విమానమని ఎలా తెలుస్తుంది సార్?”

“తెలియకపోవడమే క్షేమం.”

గుండ్రాలు పోయాయి. తరవాత డైరెక్టరుగారి చూపు ఆటలోని ఇంకో విమానం పేరు మీద పడింది. “జీరో ఏమిటి? ఒక మిత్రదేశపు విమానానికి సున్నా వేస్తామా?”

అది వాళ్ళు పెట్టుకున్న పేరేనని యామిని వివరించింది. వాళ్ళ లెక్కలో రెండువేల ఆరువందలవ సంవత్సరంలో వచ్చింది కనక, ఆ చివరి సున్నాతో పిలిచారని చెప్పింది.

“వారు వినయంతో పెట్టుకుని ఉంటారు. మనం ఔదార్యం చూపాలి. కనీసం పాసు మార్కులైనా వేయండి.”

ఆ విధంగా ప్రపంచమంతా జీరో అని పిలిచే విమానం తీర నగర చరిత్రానుభూతి కేంద్రంలో ‘ముప్ఫై అయిదు’ అయింది.

రెండో సమావేశంలో అసలు చిక్కు వచ్చింది. ఆట ఆడే పిల్లవాడు ఎవరి విమానంలో కూర్చోవాలి?

“అప్పట్లో ఇక్కడ పరిపాలన ఇంగ్లీషు వాళ్ళదే సార్,” అంది యామిని.

“వలస పాలకుల విమానంలో మన పిల్లలా!” డైరెక్టరుగారు కుర్చీలో వెనక్కి జరిగారు. “అసంభవం. అలాగని అతిథి విమానంలో కూర్చోబెట్టి సొంత ఊరి మీద దాడి చేయించలేం. కాబట్టి మూడో విమానం కావాలి. దానికి స్వాగత సంఘం విమానమని నామకరణం చేద్దాం.”

“స్వాగత సంఘం విమానం గుళ్ళు పేలుస్తుందా సార్?”

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ప్రోటోకాల్ అధికారి, పెళ్ళిళ్ళు, సన్మానాలు చేయించి తలపండిన మనిషి, ముందుకు వంగాడు. “అతిథి వస్తే మనం ఏం చేస్తామమ్మా? దండ వేస్తాం. మీట నొక్కితే దండ వెళ్ళాలి.”

యామిని సన్యాసిరావు వంక చూసింది. ఆయన మినిట్సు రాస్తున్నాడు.

ఉద్యానశాఖ ప్రతినిధి అప్పటిదాకా బిస్కట్లు తింటున్నాడు. తన శాఖకు సంబంధించిన మాట వినగానే గుక్కెడు నీళ్ళు తాగి, “అంత విమానానికి మామూలు దండ అవమానం,” అన్నాడు. “గజమాల వేయాలి. గజమాల అంటే తక్కువలో తక్కువ నలభై కిలోలు. మా దగ్గర ప్రమాణాలున్నాయి.”

“ఆటలో ప్రతి వస్తువుకూ బరువు లెక్క ఉంటుంది సార్,” అంది యామిని. “దండకు నలభై కిలోలు పెడితే అది విమానం మీద పడ్డాక ఆ బరువు విమానానికి చేరుతుంది. ఎన్ని దండలు వేయవచ్చో పరిమితి పెట్టమంటారా?”

“సన్మానానికి పరిమితి ఏమిటమ్మా!” అన్నారు డైరెక్టరుగారు. ఆ వాక్యం ఆయనకే నచ్చింది. “ఇది యథాతథంగా మినిట్సులో ఎక్కించండి సన్యాసిరావుగారూ.”

ఎక్కించాడు.

అతిథి విమానం వేసే బాంబుల స్థానంలో మైత్రీ కరపత్రాలు వచ్చాయి. కరపత్రాలు పడితే రేవు ఎందుకు తగలబడుతుందని యామిని అడిగితే, రేవు తగలబడదని, ఆ మంటల చోట రంగురంగుల దీపాలంకరణ ఉంటుందని తేలింది. గగన వీధిలో జరిగినా అది సభే కాబట్టి, సభకు ముందు జ్యోతి ప్రజ్వలన ఉండాలని ప్రోటోకాల్ అధికారి పట్టుబట్టాడు. అయిదు వత్తులు, ఒక్కో వత్తికి మీట ఒకసారి నొక్కాలి. తరవాత ప్రార్థనా గీతం, స్వాగతోపన్యాసం, అతిథి పరిచయం. అన్నీ కలిపి ఇరవై రెండు నిమిషాలు.

“ఆట మొత్తం ఇరవై నిమిషాలే సార్.”

“అయితే ఆటను పొడిగించండి.”

చివరికి యామిని కాగితాలు సర్దుకుంటూ, గొంతు పెంచకుండా అడిగింది. “ఆ రోజు రేవులో చనిపోయినవాళ్ళ పేర్లు ఆట చివర చూపిద్దామనుకున్నాం సార్. వాళ్ళ సంగతేమిటి?”

ఉద్యానశాఖ ప్రతినిధి బిస్కట్టు ప్లేటులో పెట్టేశాడు.

“సమయాభావం వల్ల ఈ అంశాన్ని తదుపరి సమావేశానికి వాయిదా వేయడమైనది,” అన్నారు డైరెక్టరుగారు.

సన్యాసిరావు ఆ వాక్యాన్ని తన గుండ్రటి చేతిరాతతో పొందిగ్గా రాశాడు. రాసి, కింద గీత గీశాడు. ఆ పేర్లలో బొగ్గు మోసిన ఆయన తాత పేరు కూడా ఉంది. తదుపరి సమావేశం ఎజెండా టైపు చేయించినప్పుడు ఆ అంశం అందులో లేదు. ఎజెండా తయారు చేసింది ఆయనే.

ప్రారంభోత్సవానికి రెండు రోజుల ముందు డైరెక్టరుగారు ఆయన్ని పిలిచి కూర్చోమన్నారు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన్ని ఎవరూ కూర్చోమనలేదు.

“మీ మాతృమూర్తి ఆనాటి ప్రత్యక్ష సాక్షి అని విన్నాను. ఆమె అమృత హస్తాలతో అతిథి విమానానికి తొలి మాల వేయిద్దాం. దీని ప్రాశస్త్యం ఊహించండి! మీ పదోన్నతి ఫైలు నా పరిశీలనలోనే ఉన్నదని మీకు తెలుసు కదా.”

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి, “అమ్మా, ఎల్లుండి నీ చేతే మొదలు,” అని మాత్రం చెప్పాడు. దండల సంగతి చెప్పలేదు. పైడమ్మ ఉతికించి దాచుకున్న ముతక అంచు కోక బయటికి తీసింది. కుడిచేతి బొటనవేలుతో మంచంకోడు మీద నొక్కి నొక్కి చూసుకుంది.

“అత్త పొద్దుటి నుంచీ అదే పని,” అంది కనకరత్నం మర్నాడు. “ఆవిడకు దండల సంగతి చెప్పారా?”

“చెప్తాను.”

“ఎప్పుడు? వేసేశాకా?”

ప్రారంభోత్సవం నాడు హాలు నిండిపోయింది. జపాను బృందానికి పెద్ద తనాబేగారు. సన్నగా, తెల్లటి జుట్టుతో, కూర్చున్న చోట కదలకుండా కూర్చున్నారు. పక్కన దుభాషి. పైడమ్మను ఆట కుర్చీలో కూర్చోబెట్టి నడుముకు పట్టీ బిగించారు. సన్యాసిరావు పక్కనే నిలబడ్డాడు.

పైడమ్మ మీట నొక్కింది. తెర మీద మొదటి వత్తి వెలిగింది.

“ఇదేటిరా?”

“ముందు దీపం వెలిగించాలమ్మా.”

“ఇమానాలొస్తాయని రేతిరిపూట దీపాలు ఆర్పుకున్నాం గానీ ఎవులెలిగించినారు?” అంది పైడమ్మ. అయినా అయిదు వత్తులూ వెలిగించింది. ప్రార్థన విన్నది. ఉపన్యాసం మధ్యలో ఒకసారి కునుకు తీసింది. ఇరవై మూడో నిమిషంలో పిండిమర్లో జొన్నలు పోసిన చప్పుడు వినిపించింది. ఎర్ర గుండ్రాలు లేకపోయినా, పొడుగాటి అద్దాల కప్పూ, ఒకరి వెనక ఒకరు ముగ్గురూ కనిపించగానే ముసలమ్మ వెన్ను నిటారుగా నిలబడింది.

“అదే,” అంది. నొక్కింది.

బంతిపూల గజమాల గిరగిరా తిరుగుతూ వెళ్ళి విమానం మెడలో పడింది. హాలు చప్పట్లతో మారుమోగింది. “తొలి మాల!” అన్నాడు మైకు దగ్గర వ్యాఖ్యాత.

పైడమ్మ కొడుకు వంక తిరిగింది. “పూలేట్రా? గుండు నేదా?”

“లేదమ్మా.” సన్యాసిరావు తల వంచుకున్నాడు. “పూలే ఉన్నాయి.”

పైడమ్మ మళ్ళీ తెర వంక చూసింది. దండ పడిన చోట విమానం ముక్కు వేలెడు కిందికి వంగి ఉంది. అది హాల్లో మరెవరూ గమనించలేదు. ఆమె గమనించింది. మళ్ళీ నొక్కింది.

“రెండో మాల! ఆహా, ఏమి ఆదరణ! మూడో మాల!”

డైరెక్టరుగారు నాలుగో మాల దాకా చప్పట్లు కొట్టారు. అయిదోదానికి చేతులు మధ్యలో ఆగాయి. ఒక దండ గురి తప్పి రెక్క పక్కనుంచి జారి సముద్రంలో పడింది. పైడమ్మ పళ్ళు కొరుక్కుని, కర్రను కొద్దిగా ఎడమకు తిప్పి మళ్ళీ నొక్కింది. తొమ్మిదో మాలకు అద్దాల కప్పు కనబడకుండా పోయింది. పన్నెండోదానికి ఇంజను మూలగడం మొదలుపెట్టింది.

“చాలించమనండి,” అని డైరెక్టరుగారు సైగ చేశారు. ఆపే మీట ఎక్కడుందని ప్రోటోకాల్ అధికారి యామినిని అడిగాడు. సన్మానాన్ని మధ్యలో ఆపే ఏర్పాటు ఉండకూడదని మూడో సమావేశంలో ఆయనే చెప్పాడని ఆమె గుర్తుచేసింది.

పదహారో మాల పడింది. ఆరువందల నలభై కిలోల బంతిపూలతో అతిథి విమానం నెమ్మదిగా ముందుకు ఒరిగి, దీపాలంకరణ మధ్యలోంచి జారి, సముద్రంలో మునిగిపోయింది. కూలిపోవడానికి సంబంధించిన మాటలన్నీ కమిటీ ముందే తీసేసింది కాబట్టి, తెర మీద ఒక్కటే వాక్యం మిగిలింది: ‘సన్మానం సంపూర్ణం. వందన సమర్పణ.’

తనాబేగారు లేచి తెర దగ్గరికి వచ్చి దుభాషితో ఏదో అన్నారు.

“అద్దాల కప్పు చాలా సరిగ్గా ఉందంటున్నారు,” అన్నాడు దుభాషి. “రెక్కల మీద ఎర్ర గుండ్రాలు ఎందుకు లేవని అడుగుతున్నారు. పూలు ఎందుకని కూడా అడుగుతున్నారు.”

“అది మా సనాతన సంప్రదాయమని విన్నవించండి,” అన్నారు డైరెక్టరుగారు.

తనాబేగారు పైడమ్మ వంక చూసి మరో ప్రశ్న వేశారు. ఈ పెద్దావిడ ఎవరు?

డైరెక్టరుగారు నోరు తెరిచేలోగా సన్యాసిరావుకు తన గొంతే వినిపించింది. “మా అమ్మండి. ఆ రోజు రేవులో మా తాత చనిపోయాడు. అప్పుడు ఆవిడకు ఏడేళ్ళు.”

దుభాషి చెప్పాడు. తనాబేగారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, పైడమ్మ ఎదుట నడుము వంచి నిలబడ్డారు. ఎవరు ఎన్ని డిగ్రీలు వంగితే మనం ఎన్ని డిగ్రీలు వంగాలో ప్రోటోకాల్ అధికారి దగ్గర పట్టిక ఉంది. ఆయన తిరగేసి చూశాడు. అందులో అంత కోణం లేదు.

“లెగు బాబూ,” అంది పైడమ్మ కాసేపటికి. “నడుం పట్టెస్తాది.”

మర్నాడు సన్యాసిరావుకు మెమో వచ్చింది. ‘అతిథి విమానాన్ని మితిమీరి సత్కరించి జలసమాధి చేసిన ఘటన’ మీద సంజాయిషీ కోరారు. సన్మానానికి పరిమితి లేదన్న వాక్యం మినిట్సులో భద్రంగా ఉంది కాబట్టి, అది ఎవరి వాక్యమో బయటపడకుండా వ్యవహారం ముగియడం అందరికీ క్షేమం. డైరెక్టరుగారు సంజాయిషీని తామే టైపు చేయించి, సంతకానికి చోటు వదిలి, పదోన్నతి ఫైలు పక్కన పెట్టి ఇచ్చారు. “ఉదయానికి సంతకం చేసి తీసుకురండి. రెండు ఫైళ్ళూ ఒకేసారి కదులుతాయి.”

ఆ రాత్రి ఏడు గంటలకు నలుచదరపు బల్ల దగ్గర ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. నెత్తళ్ళ చేపల పులుసు. సన్యాసిరావు కాగితం తీసి చదివాడు.

“‘సదరు వృద్ధురాలు వయోభారం వల్ల కలిగిన చేతివణుకు కారణంగా మీట అదుపు తప్పి పలుమార్లు నొక్కబడినదే గాని, ఇందులో ఆమె ఉద్దేశం ఏమాత్రమూ లేదని...’”

కనకరత్నం గరిటె గిన్నెలో పెట్టేసింది.

“ఎట్టీరా సంతకం,” అంది పైడమ్మ, ముల్లు తీసుకుంటూ. “తొంబయ్యేళ్ళ సెయ్యి వణికిందంటే ఎవులు కాదంటారు? నీ పెద్ద ఉద్యోగం నీకొస్తాది. నా పని ఎలాగూ అయిపోనాది.”

సన్యాసిరావు అన్నం కలిపాడు. తినలేదు. తల్లి చేతి వంక చూశాడు. ఆ చెయ్యి చేపలోంచి వెంట్రుకంత ముల్లును లాగి, కంచం అంచున వరసలో పెడుతోంది.

“వణకలేదమ్మా,” అన్నాడు. “నేను పక్కనే ఉన్నాను. ఈ కాగితం మీద పెట్టను సంతకం. రేపు నా చేత్తో వేరేది రాసిస్తాను. వావిలపల్లి పైడమ్మ చెయ్యి వణకలేదు, పదహారుసార్లూ గురి చూసి, తెలిసే నొక్కింది అని. ఎందుకు నొక్కిందో కూడా రాస్తాను. వాయిదా వేసిన పేర్లన్నీ కింద రాస్తాను, తాత పేరుతో మొదలుపెట్టి.”

“మరి డిప్యూటీ డైరెక్టరు?” అంది కనకరత్నం.

“సూపరింటెండెంటుగానే రిటైరవుతాను.”

కనకరత్నం గరిటె తీసి, గిన్నె అడుగున ఉన్న పెద్ద ముక్కలు వెతికి ఆయన కంచంలో వేసింది.

“పదారు కాదురా,” అంది పైడమ్మ. “పదిహేడు. ఒకటి తప్పిపోనాది. అదీ రాసెయ్యి.”